పావడ పుట్టుపూర్వోత్తరాలు

నంద్యాల బజారులో ఏ మ్యాచింగ్ సెంటర్ ముందైనా కాసేపు నిలబడండి. ఒకే వస్తువును నాలుగు పేర్లతో అడగడం వినిపిస్తుంది. పల్లె నుంచి వచ్చిన పెద్దామె పావడ కావాలంటుంది. వెంట వచ్చిన కోడలు లంగా అంటుంది. టీచరమ్మ పెట్టీకోటు అంటే, కాలేజీ అమ్మాయి ఇన్‌స్కర్టు అంటుంది. అంగడి అబ్బాయి అందరి దగ్గరా చీర కొంగు అందుకుని, రంగు సరిచూసి, ఒకే అరలోంచి తీసి ఇస్తాడు. పేరు ఏదైనా అడిగే తీరు మాత్రం ఒకటే. పక్కన మగవాళ్లుంటే గొంతు తగ్గుతుంది.

ఆ గొంతు ఎందుకు తగ్గాలి? పావడ అన్న మాటలో దాచుకోవలసింది ఏమైనా ఉందా? దాని పూర్వ చరిత్ర చూస్తే లేదనే తేలుతుంది. లేకపోగా అది ఒకప్పుడు గుడి ముందరా, రాజు ముందరా పలికిన మాట.

తిరుమలలో గురువారం నాడు జరిగే తిరుప్పావడ సేవ పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. ఆ రోజు స్వామి పెద్ద ఆభరణాలు తీసేస్తారు, నామం సన్నం చేస్తారు, కళ్లు కనిపిస్తాయి. సన్నిధి ఎదుట పులిహోర రాశిగా పోసి నివేదిస్తారు. అన్నకూటోత్సవం అని దానికి మరో పేరు. తిరు అంటే శ్రీ, పావిత్ర్యాన్ని తెలిపే తమిళ మాట. మిగిలిన పావడ మన అంగడిలో అమ్మే పావడే. తమిళంలో పావు అంటే పరచడం, ఆడై అంటే బట్ట. ఈ రెండూ కలిస్తే పావాడై, అంటే పరిచిన బట్ట. దేవుడి ముందు బట్ట పరిచి, దాని మీద అన్నం రాశి పోసి నైవేద్యం పెట్టడం పాత ఆచారం. బట్ట పేరే సేవకు పేరయింది. (ధనుర్మాసంలో పాడే తిరుప్పావై వేరు. అందులోని పావై అంటే అమ్మాయి. చెవికి దగ్గరగా ఉన్నా ఆ రెండు మాటలకూ చుట్టరికం లేదు.)

గుడి బయట కూడా ఈ మాటకు గౌరవమైన చోటే దక్కింది. దొరలు, గురువులు, పెళ్లికొడుకులు నడిచి వచ్చే దారిలో నేల మీద కాలు మోపకుండా బట్ట పరిచేవాళ్లు. దానికి నడపావడ అని పేరు. పల్లెల్లో ఈ పని చాకలివాళ్లది. ఒక బట్ట మీద నడుస్తుండగానే రెండోది ముందుకు తెచ్చి పరిచేవాళ్లు. ఊరి పెళ్లిళ్లలో దివిటీ పట్టడం, మేలుకట్టు కట్టడం ఎంత ముఖ్యమో పావడలు పరచడం కూడా అంత ముఖ్యం. ఈనాడు పెద్దవాళ్ల సభల్లో పరిచే ఎర్ర తివాచీకి మన పల్లె పేరు వెతికితే ఈ నడపావడే దొరుకుతుంది.

తమిళ మాట ఇంత దూరం ఎలా వచ్చిందని అడగొచ్చు. ఆళ్లగడ్డ నుంచి అడవి వైపు పోతే వచ్చే అహోబిలమే దానికి సగం జవాబు. ఆళ్వార్లు పాడిన నూట ఎనిమిది దివ్యదేశాల్లో అహోబిలం ఒకటి. తిరుమంగై ఆళ్వారు దాన్ని సింగవేళ్ కుండ్రం అని పాడాడు. శ్రీవైష్ణవ మఠం ఉన్న చోట తిరుమంజనం, తిరునామం, తళిగ లాంటి మాటలు తెలుగు నోళ్లలో సొంత మాటల్లా తిరుగుతాయి. సంక్రాంతి పార్వేట నాళ్లలో నరసింహస్వామి పల్లకిలో ఊరూరా తిరుగుతాడు. చెంచులక్ష్మిని పెళ్లాడినవాడు కాబట్టి చెంచులకు అల్లుడు, ఇంటి మనిషి. అలాంటి నేల మీద గుడి మాట ఇంట్లోకి రావడానికి గడప ఎత్తేమీ కాదు. తెలుగు, కన్నడ, తమిళం మూడింట్లోనూ పావడ ఉంది. మన పాత తెలుగులో దానికి ఒట్టి బట్ట అనే అర్థం కూడా ఉండేది.

పరిచే బట్ట కట్టే బట్ట ఎలా అయింది? వెడల్పుగా పరుచుకునే గుడ్డను నడుం చుట్టూ కుచ్చులు పోసి కడితే అది పావడే కదా. మొదట అది లోపలి బట్ట కానే కాదు. చిన్నపిల్లలకు పండగకు కుట్టించే పట్టుపావడ, ఈడొచ్చిన పిల్లల పావడా ఓణీ, అందరూ చూడాలని వేసినవే. దీనికి మన భాషలోనే సాక్ష్యం ఉంది. చీర లోపల వేసుకునేదాన్ని లోపావడ అని, లోలంగా అని అన్నారు. ముందు ‘లో’ అని చేర్చి చెప్పవలసి వచ్చిందంటే ఒట్టి పావడ, ఒట్టి లంగా బయటివే అన్నమాట. ఇప్పుడు తిరగబడింది. ఒట్టి లంగా అంటే లోపలిది. బయటిదైతే పట్టులంగా అనో, లంగా ఓణీ అనో, స్కర్టు అనో విడిగా చెప్పాలి.

అసలు చీర కింద ఇంకో బట్ట ఉండాలన్న ఆలోచనే మనకు కొత్త. పాత చీరను ఏ ఆసరా లేకుండా నడుముకు చుట్టి, చీర అంచుతోనే ముడి వేసేవాళ్లు. ఆ ముడికి తెలుగులో పోకముడి అని చక్కని పేరుంది. సంస్కృతంలో నీవి. కావ్యాల్లో ఈ రెండు మాటలూ తరచుగా కనిపిస్తాయి. పొలం పనికి పోయే ఆడవాళ్లు చీరను కాళ్ల మధ్యగా వెనక్కి తీసి గోచి పోసి కట్టేవాళ్లు. నాటు వేయాలన్నా, పత్తి తీయాలన్నా, బండి ఎక్కాలన్నా ఆ కట్టు అడ్డం రాదు. గోచికట్టులో లోపల పావడకు తావే లేదు.

నూలు మందం కూడా కారణమే. నంద్యాల చుట్టూ ఉన్నది నల్లరేగడి, పత్తి పండే నేల. ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం 1906 నుంచి ఉంది. నరసింహ అనే పత్తి రకం ఇక్కడ పుట్టిందే. పత్తి పండే చోట ఇంటింటా రాట్నం తిరిగేది. చేత్తో వడికిన ముతక నూలుతో నేసిన చీర ఒక్కటే రెండు బట్టల పెట్టు. ఎండలో నిలబడినా ఒంటి నీడ కనబడదు. మిల్లు నూలు వచ్చాక చీర పలచబడింది. వాయిలు, ఆ తర్వాత నైలాను, జార్జెట్టు వచ్చాక లోపల ఇంకో బట్ట లేకపోతే బయటికి రాలేని పరిస్థితి. పైగా జారిపోయే ఆ బట్టకు పోకముడి నిలవదు. కుచ్చిళ్లు దోపుకోవడానికి నడుముకు ఒక గట్టి పట్టీ కావాలి. ఆ రెండు అవసరాలూ పావడ ఒక్కటే తీర్చింది.

కుట్టిన పావడ, కుట్టిన జాకెట్టు, దాని మీద చీర అనే ఈ మూడింటి జోడింపును పెద్దింటి ఆడవాళ్ల మధ్య ప్రచారం చేసినవాళ్లలో మొదట చెప్పుకోవలసింది బెంగాలులోని ఠాగూర్ల ఇంటి కోడలు జ్ఞానదానందినీ దేవి. ఆమె రవీంద్రనాథ్ ఠాగూర్ వదిన. 1860ల్లో బొంబాయిలో ఉన్నప్పుడు పార్సీ ఆడవాళ్ల కట్టు చూసి, బయటికి వెళ్లడానికి వీలయ్యే తీరును రూపొందించింది. భర్త ఉద్యోగం, ప్రయాణాలు, నలుగురిలోకి రావడం, ఇవే ఆమె అవసరాలు. చదువుకున్న ఇళ్ల నుంచి ఆ కట్టు మెల్లగా కిందికి దిగింది. పల్లెకు చేరేసరికి చాలా ఏళ్లు పట్టింది. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లలో పావడ లేకుండా చీర కట్టిన అవ్వలను చూసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

కుట్టడం అంటే దర్జీ కావాలి, మిషను కావాలి. ఇక్కడే లంగా అన్న మాట కలుస్తుంది. అది ఉత్తరాది లహంగా. మన నోట హకారం ఊడిపోయి లంగా అయింది. ఈ ప్రాంతం 1839 దాకా కర్నూలు నవాబుల ఏలుబడిలో ఉంది, పక్కనున్న బనగానపల్లె సంస్థానం 1948 దాకా సాగింది. ఉర్దూ మాటలు ఇక్కడి సంతలో, కచేరీలో, కుట్టుపనిలో ఇంకిపోవడం సహజం. ఒకసారి గమనించండి. కుట్టకుండా కట్టుకునేవాటి పేర్లు చీర, కోక, పంచె, పైట. కుట్టినవాటి పేర్లు చాలావరకు బయటినుంచి వచ్చినవి, లంగా, కుర్తా, పైజామా, చొక్కా, జాకెట్టు. కుట్టేవాడి పేరు దర్జీ కూడా అంతే. పావడ ఒక్కటి ఆ గట్టు నుంచి ఈ గట్టుకు వచ్చింది. కట్టే బట్ట పేరే కుట్టిన బట్టకు నిలబడింది. నాకు ఆ మాట మీద ప్రత్యేకమైన ఇష్టానికి అదే కారణం.

పెట్టీకోటుదీ ఇలాంటి కథే. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు వెళ్లిన ఆ మాటకు చిన్న కోటు అని అర్థం. అయిదారు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో మగవాళ్లు పైకోటు లోపల తొడుక్కునే పొట్టి అంగీ అది. తర్వాత ఆడవాళ్లదయింది, నడుం కిందికి దిగింది. నిక్కరు ఇంకో తీరు. అమెరికా రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ 1809లో పెట్టుకున్న నికర్‌బాకర్ అనే మారుపేరు నుంచి మోకాలి దాకా వచ్చే ఒక లాగుకు ఆ పేరు వచ్చింది. ఇంగ్లండులో అది ఆడవాళ్ల లోబట్ట అయింది. మన బడిపిల్లవాడికి అదే నిక్కరు యూనిఫాం. ఒకే మాట ఒక దేశంలో సిగ్గు, ఇంకో దేశంలో బడి గంట. సిగ్గు మాటలో ఉండేది కాదని ఇంతకంటే తేటగా ఎవరూ చెప్పలేరు.

నడుం పైభాగం సంగతికి వస్తే ఆళ్లగడ్డనే అడగాలి. ఆళ్లగడ్డ శిల్పుల ఊరు. అక్కడ చెక్కిన దేవతా విగ్రహాలు దేశమంతా పోతాయి. విష్ణువుకు రెండు పక్కలా నిలబడే అమ్మవార్లను గుర్తుపట్టడానికి దక్షిణాది శిల్పంలో ఒక గుర్తు ఉంది. శ్రీదేవికి రొమ్ముల చుట్టూ ఒక పట్టీ ఉంటుంది, భూదేవికి ఉండదు. ఆ పట్టీ పేరు కుచబంధం. అంటే ఈనాడు అంగడిలో అట్టపెట్టెలో పెట్టి, నల్ల కవరులో చుట్టి ఇచ్చే వస్తువుకు తాతమ్మ లాంటిది గర్భగుడిలో, అందరూ దండం పెట్టే చోట, రాతిలో చెక్కి ఉంది. శిల్పికి అది లక్షణం. భక్తుడికి అది అమ్మవారి అలంకారం.

మాటల్లో కూడా ఇంతే. పాతకాలపు వీధిబడిలో పిల్లలు అమరకోశం వల్లె వేసేవాళ్లు. అందులో మనుష్యవర్గం అనే భాగంలో బట్టల పేర్లు వరసగా వస్తాయి. నడుముకు కట్టేది అంతరీయం, పైన వేసేది ఉత్తరీయం. స్త్రీలు తొడల సగం దాకా వేసుకునే లోబట్టకు అర్ధోరుకం, చండాతకం అని రెండు పేర్లు. పైన బిగుతుగా వేసుకునేది చోలం, కూర్పాసకం. చోలం నుంచి చోళీ వచ్చింది. కూర్పాసం మన నోట కుప్పసం అయింది. అయిదారేళ్ల పిల్లలు గురువు ముందు కూర్చుని ఈ పేర్లన్నీ గట్టిగా చదివి అప్పజెప్పేవాళ్లు. గొంతు తగ్గించమని ఎవరూ అనలేదు.

రవిక మన ఇళ్లలో గౌరవం పొందిన మాట. పేరంటానికి వచ్చిన ముత్తైదువకు తాంబూలంలో రవికల గుడ్డ పెట్టకుండా పంపం. అయితే ఆ గౌరవం అందరికీ దక్కలేదు. కొన్ని కులాల్లో భర్త పోయిన ఆడది రవిక వేసుకోకూడదన్నారు. ఒక బట్ట ముక్క ఎవరు వేసుకోవచ్చో ఎవరు వేసుకోకూడదో చెప్పడం మనుషుల మీద పెత్తనం చేయడమే. దక్షిణ తిరువాంకూరులో నాడార్ ఆడవాళ్లు రొమ్ము కప్పుకునే హక్కు కోసం 1820ల నుంచి పోరాడితే 1859లో రాజుగారి ప్రకటన వచ్చింది. రెండు చోట్లా అడిగింది ఆమెను కాదు.

ఇక బాడీ. మన పల్లెల్లో బ్రాకు బాడీ అనే పేరు. పట్నం పిల్లలు విని నవ్వుతారు, బాడీ అంటే ఒళ్లు కదా అని. నవ్వవలసిన పని లేదు. ఇంగ్లీషులో బాడిస్ అనే రవిక పేరు బాడీలు అన్న బహువచనంలోంచి పుట్టిందే. నడుం పైన ఒంటికి పట్టి ఉండే బట్టను అక్కడా ఒకప్పుడు బాడీ అనేవాళ్లు. దొరసానుల కాలపు ఇంగ్లీషు మన పల్లెలో నిలిచింది, ఇంగ్లండులో మారిపోయింది. బ్రాసియర్ అన్నది ఫ్రెంచి మాట, దానిలో చేయి అన్న అర్థం ఉంది. ఫ్రెంచివాళ్లు పసిపిల్లల లోచొక్కాకు ఆ పేరు పెట్టుకున్నారు. ఈ లోబట్టను వాళ్లు అనే మాట వేరే. అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జేకబ్ అనే యువతి రెండు చేతిరుమాళ్లు, కాస్త రిబ్బను కలిపి కుట్టుకుని, 1914లో దానికి పేటెంటు తీసుకుంది. అప్పటిదాకా అక్కడి ఆడవాళ్ల ఒంటిని తిమింగలం నోట్లో పెరిగే గట్టి పలకల పుల్లలతో బిగించే కార్సెట్టు నలిపేసేది. ఊపిరి ఆడే బట్ట కోసం ఆమె చేసిన ప్రయత్నం అది.

ఇంత చరిత్ర ఉన్న మాటలు గుసగుసలైపోవడం వల్ల నష్టం ఏమిటని అడగొచ్చు. నష్టం ఒంటి మీదే ఉంది. లోబట్టలు ఉతికి ఎక్కడ ఆరేస్తాం? దండెం మీద చీర ఆరేసి, దాని కింద కనబడకుండా, లేదా స్నానాల గదిలో చీకటి మూల. ఎండ తగలని బట్ట పూర్తిగా ఆరదు. తడి బట్ట వేసుకుంటే గజ్జల్లో తామర, దురద పట్టుకుంటాయి. ఆ దురద సంగతి కూడా ఎవరికీ చెప్పరు. ఆ భాగం పేరే పలకలేనప్పుడు జబ్బు సంగతి ఎలా పలుకుతారు?

పావడ విషయంలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. దాని బొందు. కొందరు లాడి అంటారు, కొందరు నాడా అంటారు. సన్నటి నూలు తాడు, చీర బరువంతా మోయాలి కాబట్టి గట్టిగా లాగి ముడి వేస్తారు. ఏళ్ల తరబడి ఒకే చోట ఒరుసుకుని చాలామంది ఆడవాళ్ల నడుం చుట్టూ నల్లటి చార పడుతుంది. ఎండాకాలం చెమటకు అక్కడ దురద, గీరు. ఎక్కువమందికి అంతటితో ఆగుతుంది. బహు అరుదుగా కొందరికి అక్కడి పుండు మానక, ఏళ్లు గడిచాక చర్మ క్యాన్సరుగా మారుతుంది. పంచె బిగించి కట్టే మగవాళ్లలో ఇలాంటి క్యాన్సరు గురించి ఖానోల్కర్, సూర్యాబాయి అనే ఇద్దరు పరిశోధకులు 1945లోనే రాశారు. దానికి ధోవతి క్యాన్సరు అని పేరు వచ్చింది. చీర క్యాన్సరు అన్న మాట ఆ తర్వాతది.

2024లో మహారాష్ట్ర, బీహార్ వైద్యులు కలిసి ఇద్దరు ఆడవాళ్ల విషయం ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించారు. ఒకామె వయసు డెబ్బై. పావడ బొందు బిగించే చోట, పక్క నడుము మీద పుండు పడి పద్దెనిమిది నెలలు మానలేదు. రెండో ఆమెది అరవై దాటిన వయసు. ఆమె పావడ లేకుండా, చీరనే నడుముకు బిగించి కట్టే పాత కట్టులో ఉండేది. ఆమెకు రెండేళ్ల పుండు, గజ్జల్లోని గ్రంథులకు కూడా పాకింది. ఇద్దరికీ తేలింది చర్మ క్యాన్సరే. తప్పు చీరది కాదు, బిగింపుదని చెప్పడానికే ఆ వైద్యులు దీన్ని పావడ క్యాన్సరు అనాలన్నారు. పోకముడి కట్టినా, బొందు ముడి వేసినా, బిగింపూ ఒరిపిడీ ఏళ్ల తరబడి ఒకే గీత మీద పడితే చర్మం ఓర్చుకోలేదు.

భయపడవలసినంత తరచుగా వచ్చే జబ్బు కాదిది. జాగ్రత్త కూడా ఖర్చుతో కూడినది కాదు. సన్నటి తాడుకు బదులు రెండు మూడు వేళ్ల వెడల్పు పట్టీ వేయమని దర్జీకి చెప్పవచ్చు. ముడి రోజూ ఒకే చోట కాకుండా కాస్త పైకీ కిందికీ, ఈ పక్కకూ ఆ పక్కకూ మార్చవచ్చు. ఇంట్లో ఉన్నంతసేపు వదులుగా కట్టుకోవచ్చు. గీరు పడిన చోట మానేదాకా బొందు తగలకుండా వదులు బట్ట వేసుకోవాలి. లోబట్టలు దండెం మీద, ఎండ తగిలే చోట ఆరేయాలి. చూసేవాళ్లు చూడనీ.

నంద్యాలలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. మీ ఇంట్లో అవ్వకో, అత్తకో, అమ్మకో నడుం చుట్టూ బొందు గీత మీద నెల దాటినా మానని పుండు ఉంటే, పసుపు రాసి ఊరుకోకండి. చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. డాక్టరు ఎక్కడ అని అడిగితే, పావడ కట్టే చోట అని గొంతు తగ్గించకుండా చెప్పమనండి.